పంక్ రికార్డులు: వెలయు, విలువయు

ఏదో యొక జాతి వస్తువును వెదకి తెచ్చి, వరుసగా కూర్చి, భద్రపఱచుకొనుట మనుష్యునకు సహజమైన వేడుక. బాలురు తపాలా బిళ్లలను, పెద్దలు పాత నాణెములను, పండితులు తాళపత్ర గ్రంథములను కూర్చుకొనుట మన మెఱిగినదే. అట్లే గ్రామఫోను రికార్డులను కూర్చువారు పాశ్చాత్య దేశములలో వేలకొలది గలరు. వారిలో నొక తెగవారు "పంక్" అను పేరుగల సంగీతపు రికార్డులను ప్రత్యేకముగా వెదకుచుందురు. ఆ రికార్డులు పుట్టిన కాలమున మిక్కిలి చౌకయైనవి. చేతిలో సొమ్ములేని యువకులు అప్పుచేసి, స్నేహితులచేత అట్టలు మడిపించి, తమవంటి యువకులకొఱకే వానిని చేసిరి. నేడు వానిలో కొన్ని తూకమునకు బంగారమును మించిన వెల పలుకుచున్నవి.

చౌకగా నుండవలెనని చేసిన వస్తువు ప్రియమైపోయినపుడు, దానిని ప్రేమించువాడు ఏమి చేయవలెను? దాచవలెనా, అమ్మవలెనా, పదుగురకు వినిపింపవలెనా? ఈ ప్రశ్న రికార్డులకు మాత్రమే చెందినది కాదు. పుస్తకమును గాని, పటమును గాని, పాటను గాని ప్రేమించు ప్రతివానికిని చెందినది. కావున ఆ సంగీతమెట్టిదో, ఆ రికార్డులెట్లు చేయబడినవో, వానిని కూర్చువారు దేనిని వెదకుదురో క్రమముగా తెలిపి, పిదప మేమీ ప్రశ్నను విచారింతుము.

పంక్ అనగా నేమి?

ఆంగ్లభాషలో "పంక్" అనునది పూర్వము పనికిమాలిన వస్తువునకును, తుంటరి కుఱ్ఱవానికిని వాడబడిన నిందావాచకము. మన "పంకము"నకు దానితో చుట్టరికము లేదు గాని, అర్థమునందు కొంత పోలిక లేకపోలేదు. లోకులు తమ్ము నిందించిన మాటనే ఆ యువకులు బిరుదముగా ధరించిరి.

1970వ దశాబ్ది నడుమ నాటికి పాశ్చాత్యుల రాక్ సంగీతము గొప్ప వ్యాపారమైపోయెను. పాటలు దీర్ఘములు; వాద్యములు ఖరీదైనవి; కచేరీలు వేలాది జనులు పట్టు క్రీడారంగములలో జరుగుచుండెను. పాడువానికిని వినువానికిని నడుమ దూరము పెరిగెను. అట్టి సమయమున న్యూయార్కు నగరములో సీబీజీబీ అను నొక చిన్న మధుశాలలో పాడుచుండిన "రామోన్స్" మొదలగు మేళములవారు దీనికి విరుద్ధమైన త్రోవ త్రొక్కిరి. 1976వ సంవత్సరము ఏప్రిలు నెలలో రామోన్స్‌వారి మొదటి పెద్ద రికార్డు వెలువడెను. అందు 14 పాటలున్నను, అన్నియు కలిసి అరగంటయైన పట్టవు. దానిని సిద్ధపఱచుటకైన వ్యయము సుమారు 6,400 డాలర్లు మాత్రమే.

అదే సంవత్సరము జూలై 4వ తేదీన వారు లండను నగరమున పాడిరి. ఇంగ్లండులో నప్పటికి పనిలేనివారి సంఖ్య పది లక్షలు దాటియుండెను. బడి విడిచిన యువకునకు ఉద్యోగము దొరకుట దుర్లభముగా నుండెను. అక్కడ "సెక్స్ పిస్టల్స్", "ది క్లాష్", "ది డామ్డ్" అను మేళములు బయలుదేరినవి. 1976 అక్టోబరు 22వ తేదీన డామ్డ్ మేళమువారు వెలువరించిన "న్యూ రోజ్" అనునది బ్రిటిషు పంక్ మేళముల చిన్న రికార్డులలో మొదటిదిగా లెక్కింపబడుచున్నది.

ఈ సంగీతమునకు పాండిత్యముతో పనిలేదు. గిటారుమీద నొక్కసారిగా మీటు స్వరముల గుంపును కార్డ్ అందురు. అట్టివి మూడు వచ్చినచో చాలును. 1977 జనవరిలో "సైడ్‌బర్న్స్" అను నొక చిన్న పత్రిక మూడు కార్డులను పట్టు విధమును బొమ్మలుగా వేసి, ఇవి నేర్చినవారు వెంటనే తమ మేళమును కట్టుకొనవలసినదని చదువరులను ప్రోత్సహించెను. సంగీత కచేరీ చేయుటకు చిరకాలము గురుశుశ్రూష కావలెను. భజన చేయుటకు ఒక జత తాళములును, గొంతును చాలును. ఈ యొక్క విషయమున పంక్ సంగీతము మన భజనవంటిది. అందు వినువాడు రేపు పాడువాడగును.

ఇది చదివిన తలిదండ్రులకు కొన్ని శంకలు కలుగవచ్చును. అవి నిర్హేతుకములు కావు. ఆ పాటలలో మోటుమాటలు కలవు. ఆ వేషములు కొన్ని చూచువారిని రోత పుట్టించుటకే వేసికొన్నవి. మత్తుపదార్థములవలన చెడినవారును వారిలో నుండిరి. పిస్టల్స్ మేళములోని సిడ్ విషస్ అను యువకుడు 1979 ఫిబ్రవరి 2వ తేదీన తన 21వ యేట ఆ వ్యసనముచేతనే మరణించెను. మేము వీనిని దాచుట లేదు, మెచ్చుట లేదు. అయినను మఱియొక పక్షము కలదు. 1978 ఏప్రిలు 30వ తేదీన లండనులోని విక్టోరియా పార్కులో వర్ణద్వేషమును ఖండించుచు జరిగిన మహోత్సవమున క్లాష్, ఎక్స్-రే స్పెక్స్ మొదలగు పంక్ మేళములు వేలాది జనుల యెదుట పాడినవి.

మన ఉపఖండమునుండి వలసపోయిన కుటుంబముల బిడ్డలును ఈ సంగీతమును చేపట్టిరి. 1978లో ఇంగ్లండు ప్రతిపక్ష నాయకురాలైన మార్గరెట్ థాచర్, వేఱు సంస్కృతివారు తమ్ము ముంచివేయుదురేమోయని ప్రజలు భయపడుచున్నారని దూరదర్శన సంభాషణమున పలికెను. ఆ మాటకు ప్రత్యుత్తరముగా, అన్యసంస్కృతి యను నర్థము వచ్చునట్లు, "ఏలియన్ కల్చర్" అను పేరుతో 1979లో దక్షిణ లండనున నొక మేళము వెలసెను. అందు పాకిస్థానీ కుటుంబములకు చెందిన యువకులు ముగ్గురు, తెల్లవాడొకడు. 1980లో వారు వెలువరించిన చిన్న రికార్డు ఒక్కటే. ఒకవైపున తాము పుట్టిన దేశము, మఱియొకవైపున తలిదండ్రుల ఆచారములు, ఈ రెంటి నడుమ నలిగిన యువకుల గొంతు ఆ రికార్డున నిలిచియున్నది. ఎవరును దానిని భద్రపఱచకయుండినచో ఆ గొంతు నేడు వినబడకపోయెడిది.

రికార్డు ఎట్లు తయారగును?

మన పెద్దలు విన్న గ్రామఫోను ప్లేట్లు నిమిషమునకు 78 చుట్లు తిరుగునవి. వానిని లక్కతో చేసెడివారు. ఆ లక్కలో నధికభాగము మన దేశమునుండియే పోయెడిది. అవి బరువైనవి, జాఱిపడినచో పగులునవి. తరువాత వినైల్ అను ప్లాస్టిక్ పదార్థము వచ్చెను. 1949వ సంవత్సరమున అమెరికాలోని ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీవారు 7 అంగుళముల వెడల్పు గలిగి, నిమిషమునకు 45 చుట్లు తిరుగు చిన్న రికార్డును ప్రవేశపెట్టిరి. దీనినే సింగిల్ అందురు. ఒక్కొక్క వైపున నాలుగైదు నిమిషముల పాట పట్టును. పంక్ మేళములకు ఇదియే ముఖ్యమైన పనిముట్టయ్యెను.

రికార్డుమీద చూచువారికి అనేకములైన గీతలు కనబడును. నిజమునకు ఒక్కొక్క వైపున నుండు గాడి యొక్కటే. అది అంచునుండి నడిమివఱకు చుట్టలుగా పోవును. మొదట మైనమువంటి మెత్తని పూతగల యల్యూమినియం పళ్లెముమీద, పాటకు అనుగుణముగా కదలు నులి ఆ గాడిని చెక్కును. ఆ పళ్లెమునకు వెండిపూత పూసి, విద్యుత్తు సహాయముచే నికెల్ లోహమును పేర్చి, దానిని ఊడదీయుదురు. అప్పుడు గాడికి మాఱుగా గట్టుండు లోహపు అచ్చు లభించును. అట్టి అచ్చులు రెంటి నడుమ కాగిన వినైల్ ముద్దనుంచి బలముగా నొక్కినచో రికార్డగును. మిగిలిన అంచును కత్తిరించి, చల్లార్చి, కవరులో పెట్టుదురు.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. పళ్లెమును చెక్కించుటకును, అచ్చులు చేయించుటకును అగు ఖర్చు నూరు ప్రతులకైనను వేయి ప్రతులకైనను ఒకటియే. అచ్చు సిద్ధమైన పిదప ఒక్కొక్క ప్రతికి అగు ఖర్చు స్వల్పము. కావుననే కర్మాగారములవారు ఇన్ని ప్రతులకు తక్కువ చేయమని నియమము పెట్టుదురు. పెద్ద కంపెనీకి ఇదియొక లెక్క కాదు. ఉద్యోగములేని నలుగురు యువకులకు మాత్రము ఇది కొండవంటి అడ్డు. ఆ కొండ నెక్కవచ్చునని చూపుటయే పంక్‌వారు చేసిన ముఖ్యమైన పని.

చేతితో మడిచిన రికార్డులు

మాంచెస్టరు నగరమున "బజ్‌కాక్స్" అను మేళముండెను. 1976 డిసెంబరు 28వ తేదీన వారు కొన్ని గంటలలో నాలుగు పాటలను రికార్డు చేసిరి. కంపెనీల కొఱకు వేచియుండక, స్నేహితులయొద్దను బంధువులయొద్దను 500 పౌనులు అప్పు తెచ్చి, "స్పైరల్ స్క్రాచ్" అను పేరుతో 1977 జనవరి చివరను 1,000 ప్రతులు తామే అచ్చువేయించిరి. చుట్టచుట్టిన గీత యని ఆ పేరున కర్థము. రికార్డు గాడికే అది పేరు. ఏ పాటను ఎన్నవమాఱు పాడినపుడు రికార్డు చేసిరో అదియు కవరుమీద వ్రాసిరి. ఇంద్రజాలికుడు తన రహస్యమును తానే వెల్లడించినట్లు, ఈ పని యెట్లు జరిగినదో మీరును చూడుడని తెలిపిరన్నమాట. ఆ వేయి ప్రతులు త్వరలో అమ్ముడుపోయి, మఱల మఱల అచ్చుపడి, మొత్తము 16,000 వఱకు చెల్లినవి.

ఇది చూచి ఇతరులును ధైర్యము తెచ్చుకొనిరి. అదే యేట లండనులో "డెస్పరేట్ బైసికిల్స్" అను మేళమువారు 153 పౌనుల వ్యయముతో తమ మొదటి రికార్డును తెచ్చిరి. ఖర్చు తగ్గించుటకై రెండు పాటలను కలిపి, రెండువైపులను వానినే ముద్రించిరి. 1978లో "స్క్రిట్టి పొలిట్టి" మేళమువారు తమ రికార్డు కవరుమీద పళ్లెము చెక్కుటకెంత, అచ్చునకెంత, కాగితపు చీటీలకెంత యైనదో లెక్క వ్రాసిరి. వర్తకుడు దాచుకొను లెక్కను వీరు పదుగురకు చెప్పిరి.

ఐర్లండు ఉత్తరభాగముననున్న బెల్‌ఫాస్టు నగరమున నాడు ప్రొటెస్టాంటులకును రోమను కతోలికులకును నడుమ రక్తపాతము జరుగుచుండెను. సాయంకాలమైనచో జనులు వీధిలోనికి వచ్చుటకు జంకెడివారు. అట్టిచోట టెరి హూలీ అను నతడు "గుడ్ వైబ్రేషన్స్" అను రికార్డుల అంగడి పెట్టెను. ఇరుపక్షముల బాలురును ఆ యంగడిలో కలిసికొనెడివారు. 1978లో అతడు ఆ పేరుతోనే రికార్డులు వెలువరింప నారంభించెను. డెర్రీ పట్టణపు "అండర్‌టోన్స్" మేళమువారి "టీనేజ్ కిక్స్" అందులోనిదే. దాని కవరు జిగురంటించిన సంచి కాదు. మడత పెట్టిన కాగితము. విప్పినచో గోడకు తగిలించుకొను పటమగును.

అమెరికా రాజధానియైన వాషింగ్టనులో "టీన్ ఐడిల్స్" అను పాఠశాల బాలుర మేళముండెను. వారు కచేరీలవలన వచ్చిన సొమ్మును పంచుకొనక ఒకచోట దాచిరి. 1980లో మేళము విడిపోవుచుండగా ఆ సొమ్ముతో 1,000 ప్రతుల రికార్డు వేయించిరి. స్నేహితులందఱును కూర్చుండి కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురంటించి కవరులు చేసిరి. "డిస్కార్డ్" అను ఆ సంస్థ అట్లు పుట్టి, నేటికిని నిలిచియున్నది. దానిని స్థాపించినవారిలో నొకడైన ఇయన్ మకాయి మద్యమును, మత్తుమందులను విడిచి జీవించుటయే మేలని పాడెను. ఆ పాటవలన అట్టి నియమమును పాటించు యువకుల సమూహమొకటి దేశదేశములందు ఏర్పడెను. పంక్ అనగా దుర్వ్యసనమనియే తలచువారు ఈ సంగతిని కూడ తెలిసికొనవలెను.

ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతమున నొక పల్లెయింటిలో కలిసి నివసించుచుండిన "క్రాస్" మేళమువారు అందఱికంటె తీవ్రులు. 1978లో వారు రికార్డు చేసిన మొదటి సంపుటికి, అయిదువేలమందికి ఆహారము పెట్టిన సువార్త కథ పేరే పెట్టిరి. కర్మాగారమువారు 5,000 ప్రతులకు తక్కువ అచ్చువేయమని చెప్పుటయే ఆ పేరునకు కారణము. అందలి మొదటి పాట క్రైస్తవ మతమును దూషించునది గనుక ఐర్లండులోని కర్మాగారపు పనివారు దానిని అచ్చువేయుటకు నిరాకరించిరి. మేళమువారు ఆ పాట స్థానమున నిశ్శబ్దమును ముద్రింపించిరి. ఆ పాట విషయమున మా మనస్సు పనివారి పక్షముననే యున్నది. అయినను క్రాస్‌వారి ఆచారమొకటి మనకిక్కడ ముఖ్యము. అంగడివాడు ఎక్కువ పుచ్చుకొనకుండుటకై, ఇంతకు మించి ఇయ్యవలదని కవరుమీదనే వెలను ముద్రించెడివారు. 1979లోని ఒక చిన్న రికార్డుమీద ఆ వెల 45 పెన్నీలు.

అభిమానులును వారి పత్రికలును

రికార్డు తయారైనను దానిని గూర్చి తెలిపెడివారు కావలెను. పెద్ద పత్రికలవారికి ఈ మేళములు మొదట అలక్ష్యములు. 1976 జూలైలో మార్క్ పెర్రీ అను బ్యాంకు గుమాస్తా "స్నిఫిన్ గ్లూ" అను పత్రికను తానే టైపుచేసి, శీర్షికలను చేతితో వ్రాసి, కొద్ది ప్రతులు నకలు తీయించి పంచెను. సంవత్సరము తిరుగునప్పటికి దాని ప్రతులు వేల సంఖ్యకు పెరిగెను. అది పెద్దదగుచున్నదని తోచి 1977లోనే అతడు దానిని నిలిపివేసెను. ఇట్టివానిని ఫ్యాన్‌జీన్‌లు, అనగా అభిమాని పత్రికలు, అందురు. మన విద్యార్థులు నడపు వ్రాతపత్రికలను ఎఱిగినవారికి వీని స్వరూపము వెంటనే బోధపడును.

పశ్చిమ లండనులో 1976లో జెఫ్ ట్రావిస్ స్థాపించిన "రఫ్ ట్రేడ్" అంగడి చిన్న రికార్డులకును అభిమాని పత్రికలకును ఆశ్రయమయ్యెను. బీ.బీ.సీ. రేడియోలో 1967 మొదలు 2004వఱకు పనిచేసిన జాన్ పీల్ ఊరుపేరులేని మేళముల రికార్డులను దేశమంతటికిని వినిపించెను. 1978 సెప్టెంబరులో "టీనేజ్ కిక్స్" పాటను వినిపించి, అది ముగియగానే వెంటనే మఱల వినిపించెను. ఆ పాటలోని మాటలు నేడతని సమాధిరాతిమీద చెక్కబడియున్నవి.

కూర్చువారు దేనిని వెదకుదురు?

పుస్తకములలో తొలికూర్పునకు గౌరవమున్నట్లే రికార్డులలో తొలి అచ్చునకు గౌరవము. పాట ముగిసిన తరువాత నడిమి చీటీకిని గాడికిని మధ్య నున్నని స్థలముండును. అందు అచ్చు సంఖ్యయు, ఒక్కొక్కప్పుడు చెక్కినవాని చేవ్రాతయు, హాస్యపు మాటయు గీయబడియుండును. రికార్డును వెలుతురునకు ఏటవాలుగా పట్టి ఆ యక్షరములను చదువుట కూర్చువాని మొదటి విద్య. కవరు విషయము రెండవది. "స్పైరల్ స్క్రాచ్" 1979లో మఱల వెలువడినపుడు మొదటి గాయకుడైన హవర్డ్ డెవోటో పేరును కవరుమీద ప్రత్యేకముగా చేర్చిరి. ఆ పేరున్నది మలి అచ్చు. లేనిది తొలి అచ్చు కావచ్చును. ఇట్టి చిన్న గుర్తులవలన చరిత్ర తేటపడును.

కొఱతవలన వెల యెట్లు పెరుగునో చూపుటకు ప్రసిద్ధమైన యుదాహరణమొకటి కలదు. 1977 మార్చి 10వ తేదీన ఏ అండ్ ఎమ్ కంపెనీవారు పిస్టల్స్ మేళముతో బకింగ్‌హాం రాజభవనము వెలుపల నొడంబడిక చేసికొనిరి. మేళమువారి దుర్వర్తనమునకు వెఱచి అదే నెల 16వ తేదీన దానిని రద్దుచేసిరి. అంతలోపల "గాడ్ సేవ్ ది క్వీన్" అను రికార్డు సుమారు 25,000 ప్రతులు అచ్చుపడియుండెను. వానిని నాశనము చేయించిరి. ఏవియో కొన్ని ప్రతులు మాత్రము తప్పించుకొనినవి. అట్టి ప్రతి యొక్కటి నేడు 10,000 పౌనులకు పైగా పలికిన సందర్భములు కలవు. అదే పాట మే నెలలో వర్జిన్ కంపెనీ ముద్రతో వెలువడి విశేషముగా అమ్ముడుపోయెను; ఆ ప్రతి చౌకగనే దొరకును. గాడిలోని పాట రెంటియందును ఒకటియే. వెలలోని భేదమంతయు నడిమి చీటీది, కొఱతది.

వెల పెరిగినచోట మోసమును పెరుగును. నకిలీ ప్రతులు చేయువారును, తెలియక కొని నష్టపోవువారును కలరు. ఎవరును ఎఱుగని మేళముల సింగిళ్లను ఏర్చి 1989 మొదలు "కిల్డ్ బై డెత్" అను పేరుతో సంపుటములుగా అచ్చువేసిరి. అనుమతి లేక చేసిన పని గనుక అది న్యాయము కాదు. కాని వానివలననే అనేకులు ఆ పాటలను మొదటిసారి వినిరి. మూలపు ప్రతులకొఱకు వెదకులాటయు, వెలయు హెచ్చెను.

వెలయు, విలువయు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. 45 పెన్నీలకు మించి ఇయ్యవలదని ముద్రించిన కవరును చేతబట్టుకొని, దానికి అనేకరెట్లు చెల్లించి కొనువాడు నేడు కలడు. ఆ యాజ్ఞను చదువుచునే అతడు దానిని మీఱుచున్నాడు. అతడు తప్పు చేయుచున్నాడా?

తప్పేయని ఒకరు నిప్పుతో సమాధానము చెప్పిరి. పిస్టల్స్ మేళమును నడిపిన మాల్కం మెక్‌లారెన్ కుమారుడైన జో కోరే, 2016 నవంబరు 26వ తేదీన థేమ్స్ నదిమీద పడవలో తన పంక్ వస్తువుల నన్నిటిని తగులబెట్టెను. వాని వెల 50 లక్షల పౌనులని అతడే చెప్పెను. పంక్ నలువది యేండ్ల పండుగ జరుపుకొను ప్రదర్శనశాల వస్తువైపోయినదని అతని ఆక్షేపణము. అతని కోపమున సత్యము లేకపోలేదు. కాని కాల్చినందువలన వెల తగ్గలేదు. మిగిలినవానికి కొఱత యింకను పెరిగెను. వినదలచిన బీదవానికి దానివలన కలిగిన లాభమేమియు లేదు. ధనమును మ్రొక్కువాడును, ధనమని కాల్చువాడును వస్తువునందు వెలనే చూచుచున్నారు.

వేఱు త్రోవ త్రొక్కినవారును కలరు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున "మాగ్జిమం రాకెన్‌రోల్" అను పత్రిక 1982లో వెలసి, 2019వఱకు అచ్చుపడెను. దానిని నడపిన టిమ్ యొహానన్ 1998లో మరణించెను. ఆ పత్రికవారు దేశదేశములనుండి వచ్చిన రికార్డులను భద్రపఱచుచు, ప్రతి కవరు అంచునను ఆకుపచ్చని టేపు అంటించిరి. ఆ టేపువలన కవరు అందము చెడును. అంగడిలో వెల పడిపోవును. కాని ఎక్కడ కనబడినను అది ఆ భాండాగారపు సొత్తని తెలియును. అమ్మకమునకు పనికిరాకుండ చేసి, ఉపయోగమునకు మాత్రము మిగిల్చిరన్నమాట. 50,000కు మించిన రికార్డులు అట్లు చేరినవి. జాన్ పీల్ తన 25,000కు పైబడిన పెద్ద రికార్డులకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క చీటీ టైపుచేసి వరుసగా నుంచెను. ఇవి ధనికుని నిక్షేపములు కావు, గ్రంథాలయములు.

కూర్చువారి వలన లోకమునకు గొప్ప మేలు కలదని మేము దృఢముగా నమ్ముచున్నాము. ఈ చిన్న మేళముల మూలపు టేపులు అనేకములు పోయినవి. అట్టి సందర్భములలో ఎవరో శుభ్రముగా నుంచిన ప్రతినుండియే పాటను తిరిగి యెత్తి క్రొత్త ముద్రణము వేయుదురు. ఆ యొక్కడు దానిని దాచకున్నచో పాట నశించెడిది. దాచి, ఎవరికిని వినిపింపకున్నచో అప్పుడును నశించినట్లే. కావున దాచుట సగము పని. వినిపించుట మిగిలిన సగము. వెలను అంగడి నిర్ణయించును. విలువను నిర్ణయించునది వినువారు. వెల పెరిగిన వస్తువును కొనుట దోషము కాదు. దాని గొంతు నొక్కుట దోషము.

మన యిండ్లలో

ఈ న్యాయము మనకును వర్తించును. మన జిల్లాలలో పాత యిండ్ల యటకలమీద పద్యనాటకముల ప్లేట్లును, సంగీత విద్వాంసుల ప్లేట్లును దుమ్ముపట్టి యున్నవి. లక్క ప్లేట్లు జాఱినచో పగులును. వినైల్ రికార్డులు మన వేసవి యెండకు వంగును. వర్షకాలమున కవరులకు బూజు పట్టును. వానిని ఒకదానిమీద నొకటి పేర్చరాదు. పుస్తకములవలె నిలువుగా నుంచవలెను. గాడిని వ్రేళ్లతో తాకక అంచును మాత్రమే పట్టుకొనవలెను. అరిగిన ముల్లుతో వినరాదు, ఏలయనగా అది ప్రతిమాఱును గాడిని గీచివేయును. బూజుపట్టిన లోపలి కాగితపు సంచిని మార్చవలెను గాని, పై కవరును పాఱవేయరాదు. చరిత్ర దానిమీదనే యున్నది.

విద్యార్థులు చేయదగిన పని ఒకటి కలదు. సెలవులలో మీ తాతగారిని, అమ్మమ్మగారిని అడిగి ఇంట నున్న ప్లేట్లను క్రిందికి దింపుడు. ఒక్కొక్కదానికి ఒక చీటీ వ్రాయుడు. పాట పేరు, పాడినవారి పేరు, కంపెనీ పేరు, చీటీమీది సంఖ్య, ఎవరు ఎప్పుడు కొన్నది, ఏ సందర్భమున వినెడివారు, ఇవి యన్నియు పెద్దలు చెప్పుచుండగా వ్రాసికొనుడు. పెద్దల జ్ఞాపకము ప్లేటుకంటెను త్వరగా పగులునది. పిమ్మట దానిని వినిపించి, సెల్‌ఫోనులో నెత్తి భద్రపఱచుడు. దీనికి ధనమక్కఱలేదు, ఓపిక చాలును.

మాంచెస్టరులోను, బెల్‌ఫాస్టులోను, వాషింగ్టనులోను మీకంటె కొంచెము పెద్దవారగు యువకులు తమ గొంతును తామే అచ్చువేసికొనిరి. వారి మాటలన్నియు మనకు సమ్మతములు కానక్కఱలేదు. ఎవరో వచ్చి చేయుదురని వేచియుండక, తమ చేతులతో కత్తిరించి, మడిచి, జిగురంటించి, లెక్క చెప్పి, చౌకగా పంచిపెట్టిన వారి పూనికను మాత్రము మన బాలబాలికలు గ్రహింతురుగాక యని కోరుచున్నాము.